ఆరోగ్యానికి జామీను ఎవరు?

హామీ, జామీను, హక్కు. ఈ మూడు మాటలూ ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి, ఎంతో కాలంగా మన పల్లెల నాలుక మీద స్థిరపడినవి. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకునే మన కళాశాలలో వీటి అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. అయినా ఒక సంగతి గుర్తు చేయవలసి ఉన్నది. ఒకని అప్పుకు మరొకడు జామీను ఉంటే, అప్పు తీసుకున్నవాడు చెల్లించలేని నాడు ఆ జామీనుదారు తన సంచి విప్పవలసిందే. మాట సాయం చేసినవాడు జామీనుదారు కాడు. కష్టం వచ్చిన రోజున తప్పించుకునే దారి లేనివాడే జామీనుదారు.

ఈ విద్యాసంవత్సరం మన చర్చాగోష్ఠికి "ప్రజలందరి వైద్యానికీ ప్రభుత్వం హామీ పడవలెనా?" అనే విషయాన్ని ఎంపిక చేసినప్పుడు మా మనసులో ఉన్న అర్థం ఇదే. గోష్ఠి బాగానే జరిగినది. ప్రతికూల పక్షం నుండి లేచిన ఒక విద్యార్థి, "మన రాష్ట్రంలో ప్రతి పేద కుటుంబానికీ కార్డు ఉన్నది. కార్డు ఉండగా ఇంకా ఏ హామీ కావాలి?" అని ప్రశ్నించి చప్పట్లు అందుకున్నాడు. వెనుక వరుసలోని ఒక విద్యార్థిని, వక్తల జాబితాలో తన పేరు లేకపోయినా, లేచి నిలబడి, "మా అమ్మీ కడుపు ఆపరేషన్‌కు కార్డు చెల్లింది సార్. దగ్గుకు మాత్రం చెల్లలేదు" అని కూర్చున్నది. ఆమెకు చప్పట్లు రాలేదు. మార్కులు వేసేందుకు న్యాయనిర్ణేతల కాగితంలో ఆమె పేరు కూడా లేదు. కాని ఆ మధ్యాహ్నం అసలు విషయాన్ని తాకిన మాట అదొక్కటేనని మా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ మాటకు వ్యాఖ్యానం మాత్రమే.

ఆ తల్లి జిన్నింగు మిల్లులో కూలి. గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి నేలల్లో బ్రతుకు పత్తితోనూ మిరపతోనూ ముడిపడి ఉన్నది. శీతకాలంలో పత్తి తీతలు, మిల్లుల పని. సంక్రాంతి దాటిన తరువాత మిరప కోతలు, కళ్ళాలు, తొడిమలు తీయడం, గుంటూరు యార్డుకు టిక్కీలు తోలడం. ఈ రెండు పంటలూ మన ప్రాంతానికి అన్నం పెట్టినవి. వ్యాధులు పెట్టినవి కూడా ఇవే. మిర్చి యార్డులో గంటసేపు నిలబడిన కొత్తవాడికి తుమ్ములు, దగ్గు ఆగవు. అందులోనే రోజంతా టిక్కీలు మోసే హమాలీకి, ఘాటులో కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీకి అది అలవాటయిపోయిందని మనం అనుకుంటాము. ఊపిరితిత్తులకు అలవాటు అనేది ఉండదు. పత్తి చేలల్లో పురుగు మందు పిచికారీ చేసేవారి సంగతి వేరే చెప్పాలా? 1987-88లో తెల్లదోమ తాకిడికి పంట పోయి, అప్పులు తీరక ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్న చరిత్ర మన ఇళ్ళలో పెద్దలకు ఇంకా జ్ఞాపకమే.

ఇక దూది ధూళి. దూదేకుల, నూర్ బాషా కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులకు ఇది పుస్తక విషయం కాదు; విల్లుతో దూది ఏకిన తాతల దగ్గు వినని ఇల్లు వారిలో తక్కువ. పత్తి ధూళి వలన వచ్చే ఊపిరితిత్తుల వ్యాధిని వైద్యులు బిస్సినోసిస్ అంటారు. దీని తొలి లక్షణం విచిత్రమైనది. సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుంటుంది, ఊపిరి ఆడదు. రోజులు గడిచిన కొద్దీ తగ్గినట్లు అనిపిస్తుంది. అందువల్ల కూలి మనిషి దానిని జలుబు అనుకుంటాడు, ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సూది వేసి పంపుతాడు. సంవత్సరాలు గడిచిన తరువాత ఆ బిగువు వారమంతా విడవదు. కార్మికులకు నష్టపరిహారం ఇచ్చే చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఈ వ్యాధి పేరు ఉన్నది. పేరు చట్టంలో ఉండడం ఒక ఎత్తు. సీజను ముగిసిన తరువాత, పేరు రాసిన హాజరు పుస్తకం కూడా దొరకని ఒక ఆడకూలి, తన దగ్గు ఏ మిల్లులో వచ్చిందో రుజువు చేయడం మరొక ఎత్తు.

ఇక్కడ మా విద్యార్థులు చాలామంది వినని ఒక చట్ట విశేషం చెప్పవలసి ఉన్నది. కార్మికుని వైద్యానికి హామీ ఇవ్వడం స్వతంత్ర భారతం మొదటి నుండీ ఎరిగినదే. 1948లోనే ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చినది. వాడుకలో దీనినే ఇ.ఎస్.ఐ. అంటాము. కార్మికుడు కొంత, యజమాని కొంత చెల్లిస్తే, వైద్యుడు, మందులు, ఆసుపత్రి మాత్రమే కాక, జబ్బుపడి పనికి పోలేని రోజులకు వేతనంలో నూటికి 70 వంతుల చొప్పున సంవత్సరానికి 91 రోజుల వరకు నగదు కూడా లభిస్తుంది. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు. అయితే ఈ చట్టం సీజను ఫ్యాక్టరీలను తన పరిధి నుండి తప్పించినది. ఏవి సీజను ఫ్యాక్టరీలు అని చట్టంలోని నిర్వచనం చూస్తే, మొట్టమొదట కనిపించేది జిన్నింగు. దాని వెంటనే పత్తి ప్రెస్సింగు. ఆ తరువాత వేరుశెనగ కాయలు ఒలవడం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతిలో కూడా ఆ మినహాయింపు అలాగే కొనసాగినది.

దీని భావం ఏమి? విత్తనం నుండి దూదిని వేరుచేసే మిల్లులో పనిచేసే మనిషికి ఇ.ఎస్.ఐ. వర్తించదు. అదే దూది బేలుగా కట్టబడి, లారీ ఎక్కి, నూలు మిల్లుకు చేరిన తరువాత, అక్కడ దానిని వడికే మనిషికి వర్తిస్తుంది. దూది ఒక్కటే, ధూళి ఒక్కటే, దగ్గు ఒక్కటే. పొలంలో ఆ పత్తిని తీసిన వ్యవసాయ కూలి సంగతి అడగనే వద్దు. ఆమె ఏ ఫ్యాక్టరీలోనూ లేదు. ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే హామీ, ఉద్యోగం అని చెప్పుకోదగినది ఉన్నవారి దగ్గరే ఆగిపోతుంది. మన ప్రాంతంలో అట్టి ఉద్యోగం ఎంతమందికి ఉన్నదో విద్యార్థులు తమ వీధిని తలచుకుని చెప్పవచ్చును. అందరికీ వైద్యం అన్న ప్రశ్న ఎక్కడో పార్లమెంటులో పుట్టినది కాదు, మన జిన్నింగు మిల్లు గేటు వద్దనే పుడుతున్నది.

ఈ ప్రశ్నకు ఒక సమాధానం మన దేశంలో స్వాతంత్ర్యానికి ముందే రాయబడినది. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన సర్ జోసెఫ్ భోర్ సంఘం, డబ్బు లేనందువల్ల ఏ మనిషికీ తగిన వైద్యం అందకుండా పోరాదని సూత్రీకరించినది. 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని తొలి దశకు లెక్క వేసినది. ఆ మరు సంవత్సరాలలో రాజ్యాంగం రాసిన పెద్దలు, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వపు ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటి అని 47వ అధికరణంలో చేర్చారు. అయితే దానిని ఆదేశిక సూత్రాలలో పెట్టారు. అనగా కర్తవ్యం ఉన్నది, అది నెరవేరలేదని కోర్టుకు వెళ్ళి అడిగే వీలు లేదు. మా జామీను భాషలో చెప్పాలంటే, పత్రం రాశారు, సంతకం చేయలేదు.

ప్రభుత్వం లేని చోట దాతృత్వం నిలబడినది. అమెరికా లూథరన్ మిషను తరఫున 1883లో గుంటూరుకు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్, పురుష వైద్యుని ఎదుటికి రాలేని స్త్రీలకు వైద్యం చేసి, స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి నిలబెట్టారు. ఈ ఊరికి ఆమె చేసిన ఉపకారాన్ని మతభేదం లేకుండా స్మరించవలసి ఉన్నది. ఇస్లామీయ చరిత్రలో కూడా ఇట్టి ఉదాహరణలు కొల్లలు. కైరోలో మన్సూర్ ఖలావూన్ సుల్తాను 1284-85లో కట్టించిన ఆసుపత్రిని వక్ఫు ఆదాయం పోషించినది. ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు, ఊరివాడు, పరదేశి అనే భేదం అక్కడ లేదు. కోలుకున్న రోగి వెంటనే కష్టానికి పోనవసరం లేకుండా, వెళ్ళే రోజున చేతిలో కొంత ధనం పెట్టేవారని కూడా చెబుతారు. ఈ చివరి మాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలని మనవి. దీనితో తరువాత పని ఉన్నది.

దాతృత్వం ఇంత చేసినప్పుడు ప్రభుత్వ హామీ ఎందుకు అని మా సహాధ్యాపకులలో ఒకరు వాదిస్తారు. ఆయనకు మేము చెప్పే సమాధానం మన ధర్మంలోనే ఉన్నది. సదఖా వేరు, జకాతు వేరు. సదఖా ఇచ్చేవాని మనసును బట్టి ఉంటుంది. జకాతు అట్లా కాదు. అది ఇచ్చేవానికి విధి, పుచ్చుకునేవానికి హక్కు; ఇవ్వకపోతే బాకీ. ఆసుపత్రి కట్టే దాత ఏ ఊరిలో పుడితే ఆ ఊరివారు అదృష్టవంతులు. దాత పుట్టని ఊరివాడు చేసిన నేరం ఏమి? సంగతి వచ్చినది కనుక ఒక చిన్న విషయం. జకాతు నలుబదవ వంతు, అనగా నూటికి రెండున్నర. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం, 2025 నాటికి ప్రభుత్వాలు ఆరోగ్యానికి చేసే ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో నూటికి రెండున్నరకు చేరాలని లక్ష్యం పెట్టుకున్నది. ఈ పోలిక యాదృచ్ఛికమే. 2021-22 లెక్కల్లో మాత్రం ఆ ఖర్చు నూటికి 1.84 దగ్గర ఉన్నది.

ఇప్పుడు కార్డు సంగతి. ఆ విద్యార్థికి చప్పట్లు తెచ్చిన వాదాన్ని తేలికగా తోసివేయడం న్యాయం కాదు. 2007కు పూర్వం పేదవాని గుండెకు ఆపరేషన్ అవసరమైతే ఏమి జరిగేదో ఇప్పటి విద్యార్థులకు తెలియదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ రాయాలి, దానికి ఎం.ఎల్.ఏ. సిఫారసు లేఖ జతపరచాలి, హైదరాబాదు వెళ్ళాలి, తిరగాలి. ఎవరో ఒకరు దయ తలిస్తే చెక్కు వచ్చేది. స్వయంగా వైద్యుడైన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి కాలంలో, 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం మొదలై, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించినది. తెల్ల రేషన్ కార్డు గల కుటుంబానికి సంవత్సరానికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేల వరకు, జాబితాలోని పెద్ద వ్యాధులకు చికిత్స ఉచితం. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే మనిషి కూర్చుని కాగితాలు చూసేవాడు. చికిత్సకు ముందుగా ట్రస్టు అనుమతి, తరువాత ఆసుపత్రికి నిర్ణీతమైన ప్యాకేజీ సొమ్ము.

ఈ పథకంలో మేము గొప్పగా భావించేది డబ్బు కాదు. అర్జీ పోయి కార్డు వచ్చినది. బ్రతిమాలే మనిషి చూపించే మనిషి అయినాడు. కార్పొరేట్ ఆసుపత్రి అద్దాల తలుపు ముందు చెప్పులు విడిచి నిలబడిన మిరప కూలి, చేతిలో కార్డుతో లోనికి నడిచాడు. ఖైరాతు నుండి హక్కు వైపు అది ఒక అడుగు అని అంగీకరించని విమర్శకుడు ఆ రోజులు ఎరుగనివాడు.

తరువాత ప్రభుత్వాలు మారినవి, పథకం పేరూ మారుతూ వచ్చినది. రాష్ట్ర విభజన అనంతరం ఎన్.టి.ఆర్. వైద్య సేవ, 2019 తరువాత మళ్ళీ ఆరోగ్యశ్రీ, 2024 తరువాత మళ్ళీ ఎన్.టి.ఆర్. వైద్య సేవ. వెయ్యి రూపాయల బిల్లు దాటిన చికిత్సలన్నింటికీ 2020లో దీనిని విస్తరించారు. పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగినది. కేంద్రం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షల పథకం ప్రారంభించినది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం, పేద ధనిక భేదం లేకుండా అన్ని కుటుంబాలనూ కలుపుకొనే సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించినది. రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరించే పద్ధతి అది. కాగితం మీద చూస్తే మన గోష్ఠి ప్రశ్నకు సమాధానం వచ్చేసినట్లే.

అయినా దగ్గుకు కార్డు ఎందుకు చెల్లలేదు? ఈ పథకాలన్నీ పుట్టుకతోనే ఆసుపత్రిలో చేరిన రోగి కొరకు ఏర్పడినవి. మంచం, కత్తి, ప్యాకేజీ ఉంటేనే వీటికి రోగం కనపడుతుంది. ఆ విద్యార్థిని తల్లికి పిత్తాశయంలో రాళ్ళు వచ్చిన నాడు రూపాయి ఖర్చు లేకుండా ఆపరేషన్ జరిగినది. ప్రతి శీతకాలం ఊపిరి బిగుసుకున్నప్పుడు మాత్రం సూది, బిళ్ళలు, పట్నంలో ఎక్స్‌రే, నెలనెలా ఇన్‌హేలర్, అన్నీ చేతి డబ్బుతోనే. బి.పి., షుగరు, దగ్గు, మోకాళ్ళ నొప్పులు, వీటిలో ఏ ఒక్కటీ ఒక్క రోజులో కుటుంబాన్ని ముంచదు. నెలనెలా కొంచెం కొంచెంగా ముంచుతుంది. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబు నుండి పెట్టే భాగం 2013-14లో నూటికి 64.2 ఉండగా, 2021-22 నాటికి 39.4కు తగ్గినట్లు జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నవి. తగ్గడం సంతోషమే. అయినా నూటికి దాదాపు నలభై రూపాయలు రోగి ముడి విప్పి ఇస్తున్నవే.

రెండవ లోపం మరింత బాధాకరమైనది. కత్తికి డబ్బు కట్టి, మాటకు కట్టకపోతే, కత్తి ఎక్కువగా ఆడుతుంది. ఆరోగ్యశ్రీ తొలి సంవత్సరాలలో అవసరం లేకుండానే గర్భసంచులు తొలగిస్తున్నారన్న ఫిర్యాదులు రాష్ట్రమంతటా వచ్చినవి. చివరకు ఆ శస్త్రచికిత్సను ఆ పథకంలో ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చినది. ముప్పై ఏళ్ళు నిండీ నిండకుండానే గర్భసంచి పోగొట్టుకున్న కూలి స్త్రీలు మన పల్లెల్లో ఉన్నారు. హామీ వ్యతిరేకులు ఈ వాదం తెచ్చినప్పుడు మా దగ్గర ఎదురు వాదం లేదు. వారు చెప్పేది నిజం. కాకపోతే అది హామీ పడడంలోని తప్పు కాదని, హామీ సొమ్మును ఏ పనికి చెల్లిస్తున్నామన్న దానిలోని తప్పు అని మా మనవి.

థాయిలాండ్ దేశం చూడండి. సంపన్న దేశం కాదు. 2001లో ముప్పై బాత్‌ల పథకం ప్రారంభించి, 2002లో దానిని చట్టం చేసినది. ఒక్కసారి వైద్యానికి ముప్పై బాత్‌లు మాత్రమే రోగి ఇచ్చేవాడు. తరువాత అదీ తీసివేశారు. అక్కడ ప్రభుత్వం బయటి రోగుల వైద్యానికి, ఆపరేషన్‌కు ఇంత అని కాక, పేర్లు నమోదైన జనాభాకు తలకు ఇంత అని స్థానిక వైద్య కేంద్రాల వ్యవస్థకు ముందుగా సొమ్ము ఇస్తుంది. దగ్గును దగ్గుగా ఉన్నప్పుడే నయం చేయడం ఆ ఆసుపత్రికి లాభం. మన పద్ధతిలో దగ్గు ముదిరి మంచం ఎక్కితేనే ఎవరికైనా సొమ్ము ముడుతుంది.

బ్రిటన్ వారు 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించిన నాటికి యుద్ధంతో చితికిపోయి, ఆహారానికి రేషను క్యూలలో నిలబడుతున్నారు. డబ్బున్న తరువాత చేద్దామని వారు అనుకోలేదు. దానిని నిర్మించిన మంత్రి అన్యూరిన్ బెవన్ గని కార్మికుడు. ఆయన పుట్టిన ట్రెడిగర్ పట్టణంలో కార్మికులు తలా కొంత వేసుకుని నడిపిన వైద్య సంఘమే ఆయనకు నమూనా. అయితే మూడేళ్ళు తిరగకుండానే కట్టుడు పళ్ళకు, కళ్ళజోళ్ళకు రుసుము పెట్టాలని ప్రభుత్వం తలచగా, 1951లో బెవన్ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు. హామీ ఒకసారి ఇచ్చి నిద్రపోయేది కాదని దీనివలన తెలుస్తున్నది. అమెరికాలో 1965లో వృద్ధులకు, పేదలకు వేరువేరు పథకాలు వచ్చినవి కాని, అందరికీ అన్నమాట ఇంతవరకు రాలేదు.

ఉచితమైతే జనం అవసరం లేకున్నా ఆసుపత్రికి ఎగబడతారన్న వాదానికి ఎక్కువ స్థలం ఇవ్వము. రోజు కూలి పోగొట్టుకుని సరదాకు ఓ.పి. క్యూలో నిలబడిన మిరప కూలిని ఎవరైనా చూపితే అప్పుడు చర్చిద్దాము.

జామీను మాటకు తిరిగి వస్తాము. 2024లోను, 2025లోను ప్రభుత్వం నుండి బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రుల సంఘం ఈ పథకం కింద సేవలు నిలిపివేసిన సందర్భాలు ఉన్నవి. ఆసుపత్రులను మాత్రమే నిందించలేము. వారికీ జీతాలు, మందుల బిల్లులు ఉన్నవి. కాని ఆ రోజుల్లో కార్డు పట్టుకుని వెళ్ళిన రోగి దృష్టిలో జామీనుదారు ఎక్కడ ఉన్నాడు? సంచి విప్పవలసిన రోజున విప్పనివాడు జామీను ఎట్లా అవుతాడు? ఈ ప్రశ్నను న్యాయస్థానం ముందు పెట్టినవాడు ఒక పేద వ్యవసాయ కూలి, హకీం షేక్. 1992 జులైలో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుండి పడి తలకు గాయమైతే, ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు మంచం లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపినవి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స పొంది బ్రతికాడు. 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో అత్యవసర వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కును భంగపరచడమేనని, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోరాదని తీర్పు చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించినది. 47వ అధికరణం వద్ద లేని సంతకం 21వ అధికరణం కింద దొరికినట్లయినది. 2023 మార్చిలో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టాన్నే ఆమోదించినది. అత్యవసర చికిత్స చేసిన తరువాత డబ్బు ఎవరు, ఎప్పుడు ఇస్తారని అక్కడి ప్రైవేటు వైద్యులు సమ్మె కట్టారు. సమ్మె సంగతి ఎట్లా ఉన్నా, వారి ప్రశ్న సరైనదే. చట్టం రాసినంత మాత్రాన జామీను నిలబడదు.

ప్రభుత్వ ఆసుపత్రులే గట్టిగా ఉంటే ఈ బకాయిల బాధ ఉండదన్నది మా దృఢమైన అభిప్రాయం. ఇక్కడ మన గుంటూరు పెద్దాసుపత్రి రెండు ముఖాలూ చూపుతుంది. 2015 ఆగస్టులో అక్కడ పది రోజుల పసికందు ఎలుకలు కొరికి మరణించినది. మరుసటి సంవత్సరం, 2016లో, అదే ఆసుపత్రిలో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసినది. గుండెను మార్చగల ఆసుపత్రి ఎలుకలను ఆపలేకపోయినది. వైద్యానికి హామీ అంటే శస్త్రవైద్యుని నైపుణ్యం మాత్రమే కాదు. నర్సు, ఊడ్చే మనిషి, గోడలోని రంధ్రం పూడ్చే తాపీ మేస్త్రీ కూడా ఆ హామీలో భాగమే. వీరి జీతాలకు ప్యాకేజీ లేదు.

ఇంటి దగ్గరి వైద్యం వైపు ప్రయత్నమే జరగలేదని అనము. 2023 ఏప్రిల్ 6న మన చిలకలూరిపేట పక్కన లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, మంచం మీది వృద్ధులను ఇంటికి పోయి చూడాలని దాని ఉద్దేశం. జిన్నింగు మిల్లుల నడుమనే మొదలైన ఈ పద్ధతి, ప్రభుత్వాల పేర్ల మార్పుతో నిమిత్తం లేకుండా నిలిచి, దానికి దగ్గు మందులు, ఊపిరి పరీక్ష చేసే చిన్న యంత్రం కూడా జతపడితే, మా విద్యార్థిని ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది.

మిగిలిన సగం కూలి. ఖలావూన్ ఆసుపత్రి నుండి వెళ్ళే రోగి చేతిలో ధనం పెట్టేవారన్న మాట ఇక్కడ పనికివస్తుంది. 2019 డిసెంబరులో గుంటూరులోనే ఆరోగ్య ఆసరా అనే పథకం ప్రారంభమైనది. ఆపరేషన్ తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా రోగికి ఇవ్వడం దాని ఏర్పాటు. జబ్బు అంటే మందు ఖర్చు మాత్రమే కాదు, పోయిన కూలి కూడా అని ఒక రాష్ట్ర ప్రభుత్వం ఆ విధంగా ఒప్పుకున్నది. నూలు మిల్లు కార్మికునికి 1948 నుండి చట్టంలో ఉన్నది, మిరప కూలికి ఒక పథకంగానైనా వచ్చినది. అది కూడా ఆపరేషన్ జరిగితేనే. ఛాతీ బిగిసి నాలుగు రోజులు మిల్లుకు పోలేని మనిషికి అదీ లేదు.

కావున ప్రభుత్వం హామీ పడవలెనా అన్న ప్రశ్నకు మా సమాధానం, పడవలెను అనే. అయితే ఆ హామీ ఉద్యోగాన్ని బట్టి, కార్డు రంగును బట్టి, జబ్బు పేరును బట్టి కాక, మనిషిని బట్టి ఉండాలి. జిన్నింగు మిల్లులను ఇ.ఎస్.ఐ. నుండి తప్పించే మినహాయింపును తొలగించమని అడగడం అందులో చిన్న మొదటి పని. అది పార్లమెంటు చేయవలసినది. మన పార్లమెంటు సభ్యులకు అర్జీ రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈ సెలవుల్లో మా తెలుగు తరగతి విద్యార్థులు తమ వీధిలో పది ఇళ్ళకు వెళ్ళి మూడు ప్రశ్నలు అడిగి రాసుకుని రావాలని నిర్ణయించాము: ఇంట్లో ఎవరికి దీర్ఘకాలపు జబ్బు ఉన్నది, చివరిసారి మందుకు ఎంత అయినది, ఆ డబ్బు ఎవరు ఏ వడ్డీకి ఇచ్చారు. ఈ లెక్కలు కూర్చి అర్జీకి జతపరచాలని ఉద్దేశం. కాగితాలకు, ప్రయాణానికి అయ్యే స్వల్ప వ్యయం విషయమై కళాశాల కార్యవర్గం వారికి విడిగా వినతి సమర్పించాము. మొదటి లెక్క గోష్ఠిలో లేచి నిలబడిన ఆ విద్యార్థిని ఇంటిదే. తల్లీ కూతుళ్ళు కూర్చుని గత శీతకాలపు ఖర్చు కాగితం మీద వేస్తే, మందులకు, ఎక్స్‌రేకు అయినదాని కంటే పోయిన కూలి ఎక్కువ తేలినది. మిగిలిన ఇళ్ళ లెక్కలు ఇంకా రావలసి ఉన్నవి.